శని, ఆదివారాల మందు

సుబ్బులు గారు అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఆరేళ్లుగా స్కూల్ బస్ నడుపుతోంది. ఆ డిసెంబర్‌లో ఆవిడ రక్తపరీక్ష రిపోర్ట్ చూసి డాక్టర్ తల అడ్డంగా ఊపింది.

"మూడు నెలల షుగర్ టెస్టు తొమ్మిది దాటింది, ఏడు లోపు ఉండాలి. టాబ్లెట్ పనిచేస్తున్నట్టు లేదు. ఇక ఇన్సులిన్ గురించి ఆలోచించాలి."

ఇన్సులిన్ తీసుకునేవాళ్లని బస్ నడపనిస్తారో లేదోనని సుబ్బులు గారికి భయం పట్టుకుంది. సాయంత్రం పక్క అపార్ట్‌మెంట్ గిరిజ దగ్గరికి వెళ్లింది. గిరిజ కొత్త మందుల్ని పరీక్షించే కంపెనీలో పనిచేస్తుంది.

"ఈ మందు నా ఒంటికి పట్టట్లేదు గిరిజా. ఇంకేదైనా మంచిది ఉంటే చెప్పు."

"ట్రయల్స్‌లో అది బాగానే పనిచేసింది ఆంటీ. దాన్నే మేం ఎఫికసీ అంటాం. కాకపోతే అక్కడ అందరూ వేళకి వేసుకుంటారు. మానేస్తే నర్స్ ఫోన్ చేసి మరీ అడుగుతుంది. మీరెలా వేసుకుంటున్నారు?"

సుబ్బులు గారు టీ కప్పు కింద పెట్టింది.

"శని, ఆదివారాలు."

"మిగతా రోజులు?"

"వేసుకుంటే కడుపు జారి గంటకోసారి బాత్రూమ్‌కి పరిగెత్తాలమ్మా. నలభై మంది పిల్లల్ని రోడ్డు మీద ఆపేసి ఎక్కడికి పోను? డాక్టర్‌తో చెప్పడానికి సిగ్గేసింది."

గిరిజ నవ్వలేదు. "అయితే ఆ మందు మీకు పనిచేస్తుందో లేదో మనకింకా తెలీదు ఆంటీ. ఇదే మాట డాక్టర్‌కి చెప్పండి."

మర్నాడే సుబ్బులు గారు క్లినిక్‌కి ఫోన్ చేసి వెళ్లి, నేల చూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేసింది. డాక్టర్ పెన్ను పక్కన పెట్టింది.

"ఇది నేనే అడగాల్సింది. ఇదే మందులో కడుపులో మెల్లగా కరిగే రకం ఉంది. తక్కువ డోసుతో, రాత్రి భోజనంతో మొదలుపెడదాం."

క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి. మొదటి వారం కడుపు పేచీ పెట్టింది. ఇంట్లోనే ఉంది కాబట్టి భయం లేకపోయింది. బళ్లు తెరిచేసరికి సర్దుకుంది. భోజనమయ్యాక గిరిజతో కలిసి పార్కింగ్ లాట్ చుట్టూ నాలుగు రౌండ్లు నడవడం కూడా అలవాటైంది. ఒకటి రెండుసార్లు టాబ్లెట్ మర్చిపోయింది. మర్చిపోయానని డాక్టర్‌కి చెప్పింది కూడా.

ఏప్రిల్‌లో క్లినిక్ బయటినుంచే గిరిజకి ఫోన్ చేసింది.

"ఏడు పాయింట్ నాలుగు! ఇన్సులిన్ మాట ఇప్పుడొద్దందమ్మా!"

"సూపర్ ఆంటీ! ఇంకొంచెం తగ్గితే ఏడు లోపే!"

"తగ్గుతుందిలే. రెండున్నరకి బడి వదిలేస్తారు, నేను బస్ దగ్గరికి పోవాలి," అంటూ సుబ్బులు గారు గబగబా కారెక్కింది.