ఛాసీలో గడ్డి

నళిని పిరికిదని వేప్పనపల్లి చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. తాడును చూసినా పామనే రకం. అట్లాంటిది మొగుడు యతీశ్ టెంపో కింద దూరితే ఊరికే ఉంటుందా?

కృష్ణగిరిలో మెకానిక్ బైరప్ప షెడ్డు. టెంపో మామిడికాయల లోడుతో గుంతలో పడి, చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టను ఛాసీకి, అదే బండి అడుగు చట్రానికి, పట్టి ఉంచే బోల్టు విరిగింది. తల ఊడిపోయి, తుప్పు పట్టిన ముక్క లోపలే కరుచుకోనింది. కిరసనాయిలు పోసినారు, ఉలి పెట్టి కొట్టినారు. మొండిఘటం, కదల్లేదు. ఇంక గ్యాసు మంటే గతి అన్నాడు బైరప్ప. ఆయన చక్రం పక్కనుంచి కాలిస్తే, యతీశ్ కింద పడుకోని ఆ ముక్కను గ్రిప్పు పట్టకారుతో పట్టి తిప్పాల.

"జాకీ జారితే ఎట్లన్నా?" అనింది నళిని.

"కట్టె దిమ్మెలు పెట్టినాను కదమ్మా."

"డీజిలు ట్యాంకు ఆడే ఉంది."

"తడి గోనె కప్పినాను. నువ్వు పోయి టీకొట్టు దగ్గర కూర్చో తల్లీ."

బండి కిందనుంచి యతీశ్ నవ్వినాడు. "భయపడకపోతే దానికి అన్నం అరగదన్నా."

నళినికి కోపమొచ్చింది గానీ భయం తగ్గలేదు. నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకోని, బయటికి కనిపిస్తున్న మొగుని కాళ్ల దగ్గరే కూలబడింది.

మంట బుస్సుమనింది. కాలిన తుప్పు వాసన, కిరసనాయిలు వాసన. కాసేపటికి ఇంకో వాసన తగిలింది. గడ్డి కాలే వాసన.

నిన్న కాయల కింద పరిచిన వరిగడ్డిని ఊడ్చింది తనే. వెనక తలుపు దాకా ఊడ్చే ఓపిక లేక, బండి నేల పలకల సందుల్లోంచి చీపురుతో కిందికి తోసేసింది. మామిడి కాలంలో తోటల్లో అందరూ చేసే పనే. గడ్డంతా నేల మీద పడిందనుకోనింది. పలకల కింద ఛాసీ దోనె మాదిరి పొడుగ్గా ఉంటుంది. సగం గడ్డి ఆ దోనెలోనే నిలిచిపోయి, ట్యాంకు దాకా కూరుకోని ఉందని ఇప్పుడు తట్టింది.

అరిచినా ఎవరు నమ్ముతారు, పొద్దున్నుంచి అరుస్తానే ఉంది కదా.

"కదులుతా ఉందన్నా, ఇంకొంచెం కాల్చు" అన్నాడు యతీశ్.

నళిని అతని కాళ్లు రెండూ పట్టి ఈడ్చింది. ఆ బలం యాడనుంచి వచ్చిందో దేవునికే తెలియాల. వీపు గీరుకోని, "పిచ్చా నీకు" అంటా యతీశ్ బయటికొచ్చి పడినాడు. అతను పడుకున్న చోట మండే గడ్డి కుప్పగా రాలింది. బైరప్ప గ్యాసు కట్టేసి, బకెట్టు నీళ్లు విసిరి, తడి గోనెతో కొట్టి ఆర్పినాడు.

"ఎలుకలు చేర్చింటాయి" అన్నాడు రొప్పుతా. "ఈమె భయమే నిన్ను కాపాడిందప్పా."

ఎలుకలే అని ఊరుకుంటే సరిపోతుంది. కానీ రేపు మళ్లా లోడు, మళ్లా గడ్డి.

"ఎలుకలు కాదు. నేనే తోసినాను" అనింది నళిని.

యతీశ్ ఇనుప కమ్మీ తీసుకోని ఛాసీ పొడుగునా గడ్డంతా గీకి పారేసినాడు. బకెట్టు మళ్లా నింపి ఆమె పక్కన పెట్టినాడు. బోల్టు ఇంకా లోపలే ఉంది కదా, మళ్లా దూరక తప్పదు. వంగినవాడు ఆగినాడు.

"కాళ్లు పట్టుకోనే ఉండు" అన్నాడు మెల్లగా.

బోల్టు ముక్క టంగుమని నేల మీద పడేదాకా నళిని వదల్లేదు.