ఎండలో నిద్రపోయే దుంపలు

నా కూతురు రానో మా అత్తయ్య మాటల్ని నా నోటి నుంచే నేర్చుకుంటుందేమో. నాకు అన్నిటికంటే పెద్ద భయం అదే. దానికి నాలుగేళ్లు. విన్నదల్లా పట్టేసుకునే వయసు.

ఇవాళ బాల్కనీలో కుండీ మట్టి గుల్ల చేస్తుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. కొండమీది మా ఊళ్లో ఆమె ఇంటి ముందు రాళ్ల మధ్య చిన్న తులిప్‌లు ఉండేవి. బజార్లో గుత్తులు కట్టి అమ్మే పెద్ద పూలు కావవి. జానెడు ఎత్తు, తెల్లటి రేకులు, లోపల పసుపు. ఎండ ఉన్నంతసేపూ విచ్చుకుని మబ్బు పట్టగానే ముడుచుకునేవి. విత్తనం వేసిన ఆరో ఏడుకి మొదటి పువ్వు చూసిందట అమ్మమ్మ. నర్సు కాలేజీ మొదటి ఏడాదిలోనే నాకు పెళ్లి కుదిర్చేస్తే, ఆమె ఉల్లిపాయల్లాంటి ఆ పూల దుంపలు ఇరవై మేజోడులో పోసి ఇచ్చింది. "ఆకు ఎండాక చుక్క నీళ్లు పోయకు తల్లీ. వేసవంతా ఎండలో పడి నిద్రపోవాలి. అప్పుడే లోపల పువ్వు తయారవుతుంది" అంది.

సామాను విప్పుతుంటే మా ఆయన బోతిర్ నవ్వాడు. "మా ఇంట్లో ఉల్లిపాయలు లేవనుకున్నావా?"

వాకిలి అంచున నాటాను. కానీ కొత్త కోడలు అందరికంటే ముందు లేచి వాకిలంతా నీళ్లు చల్లి ఊడవాలి. సాయంత్రం మళ్లీ చల్లాలి. ఆ ఒక్క అంచు పొడిగా వదిలేస్తానని అడిగితే అత్తయ్య అంది: "ఎండిన వాకిలి చూసి ఈ ఇంటి కోడలు చచ్చిందనుకుంటారు జనం." నా చేత్తో నేనే రెండు పూటలా చల్లాను. ఆకురాలు కాలంలో తవ్వితే పదమూడు దుంపలు కుళ్లి నా చేతివేళ్లకు అంటుకున్నాయి. "మీ పుట్టింటి పువ్వుకి మా నీళ్లు పడలేదా?" అంది ఆవిడ. మిగిలిన ఏడూ కుండీలో పెట్టి తందూరు పొయ్యి పైనున్న రేకుల కప్పుమీద దాచాను. అక్కడ కాలిపోయే ఎండ. ఆ తర్వాత ఏటా మార్చిలో పూసేవి. మధ్యాహ్నం గిన్నెలు తోమి, కుండీ కిందికి దించుకుని, పాలు తాగే రానోని ఒళ్లో వేసుకుని ఓ పావుగంట వాటి దగ్గర కూర్చునేదాన్ని. ఆ పావుగంట నాది.

పోయినేడు ఏప్రిల్‌లో మరిది పెళ్లయింది. మా వాళ్లలో చిన్న కొడుకే అమ్మానాన్నల దగ్గర ఉంటాడు, పెద్ద కొడుకులు వేరు కాపురం వెళ్లిపోతారు. చిర్చిక్ పట్నంలో మాకు రెండు గదుల ఇల్లు దొరికేదాకా తోడికోడలు మఫ్తునాకి పనులు చూపించమంది అత్తయ్య. మఫ్తునాకి పద్దెనిమిది. బకెట్టు ఆ పిల్ల చేతిలో పెట్టినప్పుడు నాకు జాలి కలగలేదు. నడుం నొప్పి తగ్గుతుందన్న సంతోషం కలిగింది.

ఆగస్టులో మట్టి చూద్దామని కుండీ దించాను. బురదలా ఉంది.

"మీరు మర్చిపోయారేమోనని రోజూ నిచ్చెనెక్కి నేనే పోస్తున్నానక్కా" అంది మఫ్తునా సంబరంగా.

"మీ అమ్మ నీకేం నేర్పి పంపింది? అడక్కుండా ముట్టుకోకూడదని కూడా తెలీదా?" అని అరిచాను.

పొయ్యి దగ్గర అత్తయ్య రొట్టెలు తీస్తూ వెనక్కి తిరిగి చూసి చిన్నగా నవ్వింది. మొదటిసారి నన్ను మెచ్చుకున్నట్టు. మఫ్తునా గుండెమీద చేయి పెట్టుకుని, కొత్త కోడళ్లు పరాయి పెద్దావిడకి వంగి సలాం చేసినట్టు నాకు చేసింది. మర్నాడు రానో బొమ్మని గోడకి నిలబెట్టి, "ఇంకాస్త వంగు. మీ అమ్మ ఏం నేర్పింది?" అంటుంటే విన్నాను.

అప్పుడే చెప్పాల్సింది, తప్పు నీది కాదు మఫ్తునా, దుంపలకు నీళ్లు పడవని నీకు చెప్పనిది నేనే అని. చెప్పలేదు. బురదలో మూడు దుంపలు గట్టిగా దొరికితే గుడ్డలో కట్టుకుని, అక్టోబరులో ఇల్లు మారిపోయాను. ఇప్పుడవి తలా ఒక్క ఆకు వేశాయి. ఒక్క ఆకే వేసిన దుంపకి పువ్వు రాదు, ఈ ఏడు పూయవు.

మఫ్తునాని చూడ్డానికి రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు నేను అతిథిని, నన్ను లోపల గదిలో కూర్చోబెడతారు. అత్తయ్య మా పక్కనుంచి కదలదు. మఫ్తునా టీ తెచ్చి, "బావున్నానక్కా" అని నేల చూస్తుంది. బాగా చిక్కిపోయింది. ఫోను తన దగ్గర ఉండనివ్వరు. "కొత్త కోడలికి ఫోనెందుకు?" అంటాడు మరిది. బోతిర్‌కి చెప్తే, "నువ్వు బయటపడ్డావుగా, ఇంకా ఆ ఇంటి గొడవెందుకు?" అన్నాడు. వచ్చేవారం నేను నర్సు కాలేజీకి మళ్లీ దరఖాస్తు ఇస్తున్నాను. అతనికి ఇంకా చెప్పలేదు. చెప్తాను. కానీ మఫ్తునా మాట ఎవరితో చెప్పను?

మీలో ఎవరైనా మా అత్తగారి ఊరు గజల్‌కెంత్ వైపు వెళ్తే, కాలువ వంతెన దాటాక మూడో ఇల్లు, నీలం గేటు. దారిన పోయేవాళ్లు దాహమంటే ఆ ఇంట్లో కాదనరు. అత్తయ్య రొట్టె తేవడానికి లేచినప్పుడు మఫ్తునాని ఎలా ఉన్నావని అడగండి. బావున్నానంటుంది. అనగానే లేచి వచ్చేయకండి. ఇంకో కప్పు టీ అడిగి, మళ్లీ అడగండి.