చెయ్యి కలపని గురువారం

కాలు తగిలినప్పుడే చెయ్యి కలిపేసి ఉంటే అక్కడితో అయిపోయేది. ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. చేతులు తడిగా ఉన్నాయని చెప్పుకోవడానికి కూడా లేదు, అప్పటికే తుడుచుకుంది. తుడుచుకున్న చేతిని ఏప్రాన్ జేబులోకి తోసేసింది. ఆయన చూశాడా? చూశాడు. ఆ జేబు వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఖందమా బస్సు దిగి హైవే కిందుగా నడుస్తోంది. నెత్తిమీద లారీలు పోతున్నాయి. రాత్రి కురిసిన మంచు రోడ్డు పక్కన మసిబారి గట్టిపడింది. వారం నుంచీ ఆమె బుర్ర ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతోంది. హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నా అదే, గదిలో ఒక్కతే కూచుని ఉప్పు టీ తాగుతున్నా అదే.

వాళ్ళ మంగోలియాలో పొరపాటున ఎవరి కాలైనా తొక్కితే నోటితో ఏమీ అనరు, వెంటనే చెయ్యి చాపుతారు. అవతలి మనిషి దాన్ని అందుకుంటాడు. కిక్కిరిసిన బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా, ఎవరి కిటికీలోంచి వాళ్ళు బయటికి చూస్తూనే చేతులు కలిపి వదిలేస్తారు. కలపకపోతే ఆ ఇద్దరి మధ్యా పగ మిగిలిపోతుందని అమ్మమ్మ అనేది. ఖందమాకి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు, ఇలాంటివి నమ్మే వయసు దాటిపోయింది. నమ్మకపోయినా, కాలు తగిలితే చెయ్యి దానంతటదే లేస్తుంది. పోయిన గురువారం కూడా లేచింది. ఆమే ఆపింది.

స్లొవేనియా నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న హాలు ముందుకొచ్చి ఆగింది. ఎర్ర ఇటుకల గోడ, మెట్ల పక్కన ఎండిన ద్రాక్షతీగ. డెన్వర్లో మంగోలియన్లు తెల్లనెల పండగ, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం, చేసుకునేది ఈ హాల్లోనే. అద్దె లేదు, దానికి బదులు వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి హాలు శుభ్రం చెయ్యాలన్నది ఒప్పందం. మొదట్లో వంతులు వేసుకున్నారు. ఒకరికి డ్యూటీ మారింది, ఒకరు చికాగో వెళ్ళిపోయారు, ఒకరికి పిల్లలు పుట్టారు. మిగిలింది గురువారం సెలవుండి, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళెవరూ లేని ఖందమా. ఆమె భర్త ఉలాన్‌బాతర్ తిరిగి వెళ్ళి అక్కడ ఇంకో కాపురం పెట్టుకుని చాలా ఏళ్ళయింది.

హాలు తాళాలుండేది రూడీ గ్రెబెంక్ దగ్గర. ఎనభై దాటిన మనిషి. ఆయన తాత స్లొవేనియా నుంచి వచ్చి ఇక్కడి కొలిమిలో లోహం కరిగించాడు. కొలిమి ఎప్పుడో మూతపడింది. తాత పెట్టిన సంఘం మాత్రం ఈ గోడల మధ్య ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది.

గురువారాలు ఆ ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఎవరి జనం ఎక్కువ కష్టపడ్డారు అన్నది ఆట. ఓడినవాళ్ళు కాఫీ కెటిల్ తోమాలి.

"మావాళ్ళు ఓడ అడుగు అరలో వచ్చారమ్మాయ్, గొడ్లతో పాటు," అని మొదలుపెట్టేవాడు రూడీ.

"మావాళ్ళు విమానంలో వచ్చారు. దిగాక గొడ్లయ్యారు," అనేది ఖందమా తుడుపుకర్ర ఆపకుండా. "మా సెవ్‌జీ అక్కడ పళ్ళ డాక్టరు. ఇక్కడ స్నానాలగదులు తోముతుంది. మీ తాత అక్కడ పొలం దున్నాడు, ఇక్కడ కొలిమి ఊదాడు. ఆయన దిగింది ఒక్క మెట్టే కదా."

"కొలిమి పొగకి మా తాత నలభై ఐదేళ్ళకే పోయాడు."

"ఇల్లు కొనేసి పోయాడు కదా. మీ వీధి వీధంతా మీదే. మావాళ్ళు ఈ ఊళ్ళో తలో మూలా అద్దెకుంటారు. నా పక్క గదిలో ఎవరుంటారో నాకు తెలీదు."

"ఆ ఇళ్ళేమయ్యాయి? సగం హైవే కింద పోయాయి. మిగతా సగం పిల్లలు అమ్ముకుని కొండల దగ్గరికి పోయారు." ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గెలిచినట్టు నవ్వేవాడు. "మీకు వీధి లేదు కాబట్టి దాన్ని పోగొట్టుకునే బాధ లేదు. పో, కెటిల్ తోము."

ఆమె తోమేది. ఆ ఓటమి ఆమెకి హాయిగా ఉండేది. ఇంగ్లీషులో ఆమె తడుముకోకుండా మాట్లాడే చోటు అదొక్కటే. రెండేళ్ళ క్రితం జ్వరమొచ్చి మంచం మీద పడిపోతే, ఫోన్ చేసి "ఏమ్మాయ్, కెటిల్ తోమాల్సొస్తుందని ఎగ్గొట్టావా" అని అడిగిన మనిషి కూడా ఈయనొక్కడే. ఫోన్లో మంగోలియన్ల గుంపుంది, అందులో వందల పేర్లున్నాయి. పండగ రోజు పూలబొమ్మలు వచ్చిపడతాయి. ఆ జ్వరం సంగతి ఆ వందల్లో ఎవరికీ తెలియలేదు. ఆమె చెప్పలేదు కూడా.

పోయిన గురువారం, వంటింటి వెనక సామాన్ల గదిలో ఆమె పింగాణీ పళ్ళేలు తుడుస్తుంటే రూడీ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. ఆట మొదలైందనుకుంది.

"మా సంఘం ఎందుకు పెట్టారో తెలుసా నీకు?"

"డాన్సులకి."

"అది తర్వాత. మొదట పాడె మొయ్యడానికి పెట్టారు. ఒంటరిగా వచ్చిన కుర్రాళ్ళు కొలిమిలో పోతే ఎత్తేవాడు లేడు. నెలనెలా తలా ఒక నాణెం వేసేవాళ్ళు. ఎవడు పోయినా ఆరుగురు తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చేవాళ్ళు."

"ఈసారి మీరే గెలిచారు," అంది ఖందమా. "మావాళ్ళకి ముందుచూపు లేదు. ఎవరైనా పోయాక ఫోన్లో చందాలు వేసి, పెట్టెని విమానం ఎక్కిస్తాం."

రూడీ నవ్వలేదు. "సంఘంలో ఇప్పుడు కర్ర లేకుండా నిలబడేవాళ్ళు నలుగురు. మా మేనల్లుడు వస్తానన్నాడు. అయినా ఆరోవాడు లేక పెట్టెకి ఒక మూల ఖాళీ."

"ఎవరిదండీ పెట్టె?"

"నాదేనమ్మాయ్, ఇంకెవరిది. ఆ ఒక్క మూలా నువ్వు పట్టుకుంటావా? బల్లలెత్తేటప్పుడు చూశాను, నీ చేతుల్లో బలముంది."

ఖందమా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇరుకు గది. ఆయన అప్పటికే ఒక పళ్ళెం అందుకోడానికి లోపలికి వచ్చాడు. ఆమె మడమ ఆయన కుడికాలి బొటనవేలి మీద పడింది. ఎముక పెరిగి ఎప్పుడూ నొప్పి పెట్టే వేలు అది. ఆ నొప్పి తట్టుకోలేకే ఆయన తన కుడి బూటుని అక్కడ కత్తితో చీల్చుకున్నాడు. రూడీ పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చాడు. ఆమె చెయ్యి లేచింది.

ఆయనకి ఆ ఆచారం తెలుసు. పండగల్లో ఎన్నోసార్లు చూశాడు. "మీవాళ్ళు కాలు తొక్కి చెయ్యిస్తారు, మావాళ్ళు కాలు తొక్కించుకుని కోర్టుకి పోతారు," అని ఏటా అదే జోకు వేస్తాడు. అందుకే ఆయన ఆ చేతి కోసం చూశాడు. సరిగ్గా ఆ క్షణంలో ఖందమాకి ఒకటి తోచింది: ఈ దేశంలో చెయ్యి కలపడమంటే మాట ఇవ్వడం. ఇప్పుడు కలిపితే తొక్కినందుకని ఎవరనుకుంటారు? పెట్టె మూల పట్టుకుంటానన్నట్టే.

చెయ్యి జేబులోకి పోయింది.

"సరేలే," అన్నాడు రూడీ. "కాఫీ చల్లారుతుంది." కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. కెటిల్ ఎవరూ తోమలేదు.

బతికున్న పెద్దాయన నోటంట చావు మాట వింటే జవాబివ్వకూడదని, ఇస్తే దాన్ని పిలిచినట్టేనని వాళ్ళ దేశంలో అంటారు. వారమంతా ఆమె తనకి తాను ఆ కారణమే చెప్పుకుంది. ఆడవాళ్ళు శ్మశానానికి పోరు, అది రెండో కారణం. రెండూ నిజమే. రెండూ ఆమెని నిద్రపోనివ్వలేదు. కారణం ఇంకెక్కడో ఉందని తెలుస్తూనే ఉంది, పంటిలో ఇరుక్కున్న పీచులా, నాలుకకి తగులుతుంది తప్ప బయటికి రాదు.

ఇవాళ హాలు వంటింటి తలుపు తెరిచేసరికి సెవ్‌జీ ఫ్రీజర్లో డబ్బాలు సర్దుతోంది. పండగకి చేసిన బోజ్‌లు, మాంసం కుక్కిన ఆవిరి కుడుములు.

"అక్కా, మీ ముసలాయనకేమైంది? ఏటా నా కుడుముల్ని వెక్కిరిస్తాడు, ఇవాళ నన్ను చూసి తలూపి పైకి పోయాడు. కుడుములకే ఏదో అయిందేమోనని ఒకటి తిని చూశాను."

"పోయినవారం ఆయన కాలు తొక్కాను."

"అయితే?"

"చెయ్యి ఇవ్వలేదు."

సెవ్‌జీ ఫ్రీజర్ తలుపు మూసి తిరిగింది. "అదేంటక్కా. నిద్రలో తొక్కినా ఇస్తాం కదా. మా ఆయన మంచం మీద తగిలినా చెయ్యి చాపుతాడు, నాకు చిరాకు."

"ఇవాళ ఇద్దామనుకుంటున్నా."

"వారం పాతబడిన చెయ్యి ఏం చెల్లుతుంది? కుడుమా, ఫ్రీజర్లో పెట్టి తియ్యడానికి?" సెవ్‌జీ నవ్వి, ఆమె మొహం చూసి ఆపేసింది. "ఊరుకో అక్కా. పెద్దాయన, మర్చిపోతాడు. నాకు డ్యూటీకి టైమైంది. పండగరోజు ముందుగా రా, పొద్దున్నే ఒక్కదానివే ఏం చేస్తావు."

కారు వెళ్ళిపోయిన చప్పుడు. ఖందమా చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి గిన్నెలు తోమింది. పైన చెక్క నేలమీద బల్లలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడప్పుడు ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆమె కుళాయి కట్టేసి వింటోంది.

పైకి వెళ్ళే మెట్ల పక్కన గోడంతా ఫోటోలు. మీసాలవాళ్ళు, పారలు పట్టుకున్నవాళ్ళు, ఆదివారం కోటుల్లో బిగుసుకుని నిలబడ్డవాళ్ళు. ఎన్ని గురువారాలు వీటి దుమ్ము తుడిచిందో. ఎప్పుడూ కనపడనిది ఇవాళ కనపడింది. ప్రతి ఫోటోలో భుజానికి భుజం ఆనించి, మధ్య చెయ్యి పట్టే సందు కూడా లేకుండా నిలబడ్డారు. వాళ్ళకి తెలుసు ఇక్కడే పోతామని. వచ్చిన తొలి ఏడాదే గోతి కోసం నాణెం వేసినవాడికి తిరిగిపోతానన్న ఆశ ఎంత మిగిలి ఉంటుంది? ఆ ఆశ వదులుకున్నారు కాబట్టే ఇటుకలు పేర్చారు, తీగ నాటారు.

తను? వచ్చి పదిహేడేళ్ళు. వచ్చే ఏడు వెళ్ళిపోతానని ప్రతి ఏడూ అనుకుంటుంది. సూట్‌కేసు ఇంకా మంచం కిందే, అటక మీదికి ఎక్కించలేదు. గోడకి ఒక మేకు కొట్టలేదు. పక్కగది తలుపు తట్టలేదు. తట్టి ఏం లాభం, వెళ్ళిపోయేదే కదా. జీతం తన జీతమే, రూడీ తాత కలలో కూడా చూడని జీతం. కానీ తను పోతే మొయ్యడానికి ఆరుగురి పేర్లు చెప్పమంటే రెండో పేరు దగ్గరే ఆగిపోతుంది.

పంటిలోని ఆ పీచు ఊడి నాలుక మీదికి వచ్చింది. ఆయన చావు తలుచుకుని కాదు ఆమె భయపడింది. ఆ మూల పట్టుకుంటాననడమంటే ఆ రోజుదాకా ఇక్కడే ఉంటాననడం. ఇక్కడి మనిషినే అని ఒప్పుకోవడం.

పై హాల్లో కిటికీల్లోంచి మంచు వెలుగు పడుతోంది. రూడీ ఒక పొడుగాటి బల్లని ఒక్కడే తిప్పబోతున్నాడు. ఒకప్పుడు ఆడవాళ్ళు పొతీత్సా పిండి పరిచేవారట దానిమీద, అక్రోటు ముద్ద పులిమి చుట్టే రొట్టె. పిండి బల్ల అంచులు దాటి వేలాడేదాకా చుట్టూ నడుస్తూ లాగేవారట. ఆ బల్ల ఇద్దరు లేనిదే కదలదు.

ఖందమా వెళ్ళి అవతలి కొస పట్టుకుంది.

"నేను చూసుకుంటాను మేడమ్," అన్నాడు రూడీ.

మేడమ్. ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అనలేదు. తనకంటే చిన్నదాన్ని అంత మర్యాదగా పిలిస్తే దూరం ఎంత పెరిగిందో ఆమెకి తెలిసింది.

"నడవండి," అంది.

ఎత్తారు. ఆయన వెనక్కి నడుస్తున్నాడు, ఆమె ముందుకి. ఆయన కుడికాలు కాస్త ఆలస్యంగా పడుతోంది. రెండడుగుల తర్వాత ఆమె తన అడుగుని దానికి సరిపెట్టింది. బరువు ఆమె వైపుకి వాలింది, మోసింది. కిటికీ దగ్గర దించారు. ఆయన గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు.

"థాంక్స్ మేడమ్."

వారం పాతబడిన చెయ్యి చెల్లదు, కొత్తది కావాలి. ఆయన బూట్ల వంక చూసింది. కుడిది చీల్చి ఉంది. ఎడమది బాగానే ఉంది, తోలు మెరుస్తోంది.

మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతుల్ని ఆమె ఒక్కొక్కటిగా కిందికి దించి, గుండీలు పెట్టుకుంది. వాళ్ళ ఆచారంలో పెద్దవాళ్ళ ముందు చెయ్యి చాపేటప్పుడు మణికట్టు కనపడకూడదు. రూడీ చూస్తున్నాడు, అర్థం కాక.

ఖందమా ఒక అడుగు ముందుకి వేసి, నొప్పిలేని ఎడమకాలి బూటు మీద తన కాలు ఆనించింది, మెల్లిగా, అయినా తొక్కినట్టు తెలిసేలా. తర్వాత కుడిచెయ్యి చాపి, వెనక్కి తీసుకోకుండా అలాగే నిలబడింది.