తడి ఆరేలోపు

వంటింటి నల్ల రాతి గట్టు మీద తడి అక్షరాలు.

మొదటి అక్షరం ఆరిపోతుంటే, చివరిది ఇంకా మెరుస్తూ...

పొయ్యి మీద కుక్కర్. మొదటి విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య ఉన్న కాసేపే ఆమెది. గిన్నెలో నీళ్లలో వేలు ముంచుతుంది. పుస్తకంలోని ఒక ప్రశ్నకి ఒక వరుస జవాబు. డబ్బాల మధ్య అంతకన్నా చోటు లేదు. అంతకన్నా తడి నిలవదు.

నోటుబుక్కు కొనుక్కోకపోలేదు. పాప చింపి, నమిలి, రెండు పళ్లతో నవ్వింది. పాపనేమంటుంది?

తొమ్మిదితో ఆగిన చదువు. పది పాసైతే నర్సు శిక్షణలో చేరొచ్చు. అంతే. అంత.

"ఏమే, ఆ బండని రోజూ ఏం బతిమాలుతున్నావే?" అనేది అత్త.

"జిడ్డు వదలడం లేదత్తయ్యా."

"రుద్దు, రుద్దు. అరిగిపోతే మీ నాన్న కొత్తది వేయిస్తాడులే."

రోజూ. ఒళ్లు కాలిపోతున్న రోజూ. పాప చంక దిగని రోజూ. వేలి కొస నాని, ముడతలు పడి — రోజూ.

ఏడాదికి పుస్తకమంతా ఆ వేలి కొసకి వచ్చేసింది.

పరీక్ష రోజు పాపని అత్త చేతుల్లో పెట్టింది.

"పో, పో. బండ మీద నేర్చిందంతా అక్కడ ఒలకబోసి రా," అంది అత్త.

తెలుసన్నమాట. ఇన్నాళ్లూ.

హాలులో ప్రశ్నలన్నీ తెలిసినవే. ఒక వరుస రాసింది.

చెయ్యి ఆగిపోయింది.

ఆరడం కోసం... ఆగింది.

కాగితం ఆరలేదు. రాసింది రాసినట్టే ఉంది. దాని కింద బోలెడు చోటు — తెల్లగా, ఆమెనే చూస్తూ. రెండో వరుస ఎక్కడ మొదలవుతుందో ఆ వేలికి తెలియదు.

ప్రశ్నకో వరుస. ప్రశ్నకో వరుస. అయిపోయింది.

పక్క బెంచీ అమ్మాయి ఇంకో కాగితం అడిగి తీసుకుంది.

"అప్పుడే లేచావేమ్మా? ఇంకా రెండు గంటలుంది," అంది కాపలా టీచరు.

"అన్నీ వచ్చండీ..." కాగితం బల్ల మీద పెట్టింది. "అన్నీ వచ్చు."

గుమ్మంలో పాపని అందిస్తూ అత్త ఆమె ముఖం చూసింది. "ప్రశ్నకో వరుసే రాయగలిగానత్తయ్యా," అంది ఆమె.

మర్నాడు పొద్దున గట్టు మీద డబ్బాలు లేవు. ఎవరో అన్నీ దించి, మూలకి సర్దేశారు. గట్టంతా నల్లగా, ఖాళీగా.

మొదటి విజిల్.

వేలు ముంచింది. ఒక వరుస. దాని కింద రెండో వరుస.

రెండోది పూర్తయ్యేసరికి —

పైది లేదు.