మేడగదిలో ఆగిన దరఖాస్తు

పెద్దకోడలు ఆ రోజు ప్రింటరు బాగుచేయడానికి పూనుకోలేదు. మరిది పీక పట్టుకోవడానికి పూనుకుంది.

పోయినేడు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందావిడ. మొత్తం ఇరవై రెండు పేజీలు. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటిలోపు సంతకాలతో చేతికి అందించాలి. పొద్దున పదింటికి నొక్కిన ప్రింటు ఐదుంపావుకి బయటికొచ్చింది. వీధి చివరి షాపుకు వెళ్తానంటే, "ఇంట్లో మిషను పెట్టుకుని బయటికెందుకు, వస్తుందిలే" అని భర్త రోజంతా ఊరడించాడు. చివరికి, "నేనేం చేయను, అంతా మా తమ్ముడి తిక్క పని" అని నిట్టూర్చాడు. అంతే, ఏడాదిగా ఆవిడ మరిదితో ముక్తసరి మాటలే. కాఫీ కూడా ఠక్కున బల్లమీద పెట్టి వెళ్లిపోయేది.

తిక్క ఉన్నమాట నిజమే. మరిది ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మనిషి, ఆ పెత్తనం ఇంట్లోనూ సాగించాడు. ఎవరేం ప్రింటు చేసినా ముందు మేడగదిలోని ముసలి ల్యాప్‌టాప్‌కి ఎక్కి, అక్కణ్ణుంచి వైఫైలో హాల్లోని ప్రింటరుకి దిగాలి. అందరికీ తను పిలిచే వరసల పేర్లతోనే లాగిన్లు: అమ్మ, అన్నయ్య, వదిన. లైన్లో ఉన్న కాగితాన్ని ఆపాలన్నా, విడవాలన్నా ఆ ల్యాప్‌టాప్‌లోకి ఎవరి పేరుతో వాళ్లే రావాలి. రెండోసారి నొక్కకూడదు, నొక్కితే లైను ముడిపడుతుందట. ఇంటిల్లిపాదీ తిట్టుకుంటూనే ఆ చట్టానికి కట్టుబడ్డారు.

ఈ ఏడు అదే ఉద్యోగం మళ్లీ పడింది. ఆఖరి రోజు ఈరోజే. ఎనిమిదిన్నరకు నొక్కింది. తొమ్మిదైనా కాగితం కదల్లేదు. ప్రింటరు ఆపి మళ్లీ వేసింది. చెప్పుల అరమీది రౌటరును తెచ్చి ప్రింటరు పక్కన పెట్టింది. ఊహూ.

ఇంతలో అత్తగారు ఫోనులోంచి తన మందుల జాబితా పంపారు. రెండు నిమిషాల్లో వచ్చేసింది. అంటే మిషనుకు ఏ రోగమూ లేదు, ఎవరో తన కాగితాలనే పట్టుకున్నారు. పళ్లు నూరుకుంటూ మేడెక్కింది. భర్త అప్పటికే పనికి వెళ్లిపోయాడు, మరిదికి ఆ రోజు సెలవు.

"నా దరఖాస్తు ఎందుకు ఆపావు? నీకు నేనేం అపకారం చేశాను?"

మరిది తెల్లబోయాడు. "నేనా? నేనెందుకు ఆపుతాను వదినా? రా, నువ్వే చూసుకో. ఎవరు పంపారో, ఎవరు ఆపారో ఈ ల్యాప్‌టాప్‌లో అన్నీ రాసి ఉంటాయి."

చూసింది. వదిన, ఇరవై రెండు పేజీలు, ఎనిమిదీ ముప్పై. ఆపినది: అన్నయ్య, ఎనిమిదీ నలభై. పోయినేటి పేజీకి వెళ్లారు. అక్కడా అంతే. ఆపినది అన్నయ్య, ఐదుంపావుకి విడిచినదీ అన్నయ్యే. ఎవరి పేరుతో వాళ్లే రావాలన్న చట్టాన్ని ఆ పద్ధతిగల మనిషి ద్రోహం చేసేటప్పుడు కూడా తప్పలేదు.

ఆవిడకు ఏడుపు రాలేదు. ఏడాదిపాటు అమాయకుడి మీద కక్కిన విషం గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ సిగ్గు మీద ఇంకా కసి పెరిగింది.

"ఇప్పుడే విడిచేస్తా వదినా" అన్నాడు మరిది.

"ముట్టుకోకు. అలాగే ఉండనీ. నాకు వైరు వేసిపెట్టు, చాలు."

ఆవిడ కంప్యూటరు నుంచి నేరుగా ప్రింటరుకి వైరు వేస్తే ఇరవై రెండు పేజీలూ మూడు నిమిషాల్లో వచ్చాయి. ల్యాప్‌టాప్‌లోని ఆ జాబితాను కూడా ఒక కాగితం మీదికి దించుకుంది. పదకొండింటికల్లా కాలేజీలో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చింది.

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చాడు. నలుగురూ కూర్చున్నాక ఆవిడ గొంతులో తేనె నింపుకుని అంది, "ఏమండీ, ప్రింటు ఇంకా రాలేదు. మీ తమ్ముడికి ఒక మాట చెప్పరూ?"

భర్త వెంటనే అందుకున్నాడు. "ఏరా, నీ డబ్బా మూలంగా పోయినేడు మీ వదినకు ఉద్యోగం చేజారింది. ఈసారీ అదేనా? సిగ్గుండాలి!"

ఆవిడ భర్తను ఇంకాసేపు తిట్టనిచ్చింది. ఆ తిట్లన్నీ చెవులారా విన్నాక జాబితా తీసి అత్తగారి చేతికిచ్చింది. "కాస్త పైకి చదవండి అత్తయ్యా."

అత్తగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. రెండు తేదీలూ, ఐదు సమయాలూ. "అన్నయ్య" అన్న మాట మూడుసార్లు వచ్చింది. మూడోసారి చదివాక ఆ కాగితాన్ని అత్తగారు కొడుకు కంచం పక్కన పెట్టారు.

భర్త గొణిగాడు. "నువ్వు ఉద్యోగానికి పోతే ఇల్లెవరు చూస్తారని..."

"దరఖాస్తు ఇచ్చేసి వచ్చాను. దాని గొడవ వదిలేయండి" అందావిడ. "పైన నా కాగితాలు ఇంకా ఆగి ఉన్నాయి. వెళ్లి, మీ పేరుతోనే, మీ చేత్తోనే విడవండి."

అతను చెయ్యి కడుక్కుని మెట్లెక్కాడు. హాల్లో ప్రింటరు కదిలి, ఒక్కో కాగితమే నింపాదిగా పడసాగింది. పెద్దకోడలు మేడమీదికి వినిపించేలా ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పదిహేడో కాగితం దగ్గర మెట్లమీద అడుగుల చప్పుడైంది.

"అక్కడే ఉండరా" అన్నారు అత్తగారు, తలెత్తకుండా. "ఇంకా అవలేదు."