అరంగుళం మాస్టారి టమాటాలు

బట్ట మీద సుద్దగీత గీశాక, దానికి అరంగుళం లోపలికి కత్తిరిస్తే తప్ప దర్జీ మాస్టారి చెయ్యి ఆగదు. ఒంటికి అతికినట్టుండాలంటాడాయన. నలభై ఏళ్లు జనం ఊపిరి బిగబట్టి తొడుక్కున్నారు, పాపం! ఆఖరికి ఒక పెళ్లికొడుకు కోటుకి బొత్తాం పెట్టబోతే వీపు దగ్గర పర్రుమంది. ఆ రోజే కొడుకు కొట్లో బట్టలు కత్తిరించే బల్ల లాక్కున్నాడు.

"నా చేతికేమొచ్చిందిరా?" అని మాస్టారు లబోదిబోమన్నాడు.

"ఏం రాలేదు నాన్నా. డాబా మీద టమాటాలు పెంచుకో. మూడు నెలల్లో బుట్టెడు కాయించావంటే బల్ల నీదే," అన్నాడు కొడుకు, గొడవ వదిలితే చాలనుకుని.

మాస్టారు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. ఆరు కుండీల్లో నారు నాటాడు. ఆకుకీ కాండానికీ మధ్య పుట్టే పిలకలు తీసేస్తే బలమంతా కాయకి పోతుందని ఎక్కడో చదివాడు. నారు అమ్మినవాడేమో, "ఇది పొద రకం మాస్టారూ, పిలకలకే కాస్తుంది, కత్తెర పెట్టకండి," అని మొత్తుకున్నాడు.

"కత్తెర సంగతి నాకా చెప్తావు!" అని ఎగిరిపడ్డాడు మాస్టారు.

రోజూ పొద్దున్నే పిలకలన్నీ కత్తిరించేవాడు. బాగానే ఉందనిపించాక ఇంకో అరంగుళం. చెంచాడు ఎరువు వేయమంటే గరిటెడు వేశాడు. మొక్కలు ఇస్త్రీ చేసినట్టు నిటారుగా నిలబడ్డాయి, ఆకులు నిగనిగలాడాయి. కాయ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆయన విసిరేసిన పిలకల్లో నాలుగు ఏరి, భార్య నీళ్ల ట్యాంకు వెనక పాత పెయింటు డబ్బాలో గుచ్చింది. కూరగాయలు కడిగిన నీళ్లు పోసేది, అంతే.

"చెత్తకి కూడా సేవలా?" అని ఎగతాళి చేశాడు మాస్టారు. మళ్లీ అటుకేసి చూస్తే ఒట్టు.

గడువు రోజు కొడుకు డాబా ఎక్కాడు. కుండీలు చూసి పెదవి విరిచాడు. ట్యాంకు వెనక్కి తొంగి చూశాడు. డబ్బా కనపడకుండా ఎర్రెర్రని గుత్తులు!

"ఓరి నాయనో! ఇక్కడ దాచావా నాన్నా? మాటంటే మాటే. రేపట్నుంచి బల్ల నీది."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఊ అంటే చాలు. భార్య ఆరిన దుప్పట్లు మడతపెడుతూ విననట్టే ఉంది. ఆవిడ బయటపెట్టదని ఆయనకు తెలుసు. బిగుతని తిరిగొచ్చిన చొక్కాల పక్క కుట్లు విప్పి, ఇన్నేళ్లూ గుట్టుగా వదులు చేసి పంపింది ఆవిడే. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఈసారి మాత్రం ఎందుకో మనసొప్పలేదు.

"అవి మీ అమ్మవిరా," అన్నాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"కొమ్మలు మీవేగా," అంది ఆవిడ, మడత ఆపకుండా.

కొడుకు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, రా నాన్నా. కత్తెర నీదే. గీత మాత్రం అమ్మ గీస్తుంది, అరంగుళం బయటికి."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. తన బట్ట మీద ఇంకొకరి గీతా! కానీ కత్తెర మీద మమకారం కొద్దీ కోపం మింగేశాడు.

"వస్తావా మరి?" అని భార్యని బెరుగ్గా అడిగాడు.

"చూద్దాం లెండి. నా టమాటాల పని తెమిలితే వస్తాను."