వంపు పోయిన ఫోర్కు

పోచంపల్లి ధర్మయ్య సైకిలులాంటిది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. సికింద్రాబాదు లష్కరులో ఒక తెల్లదొర దేశం విడిచిపోతూ వదిలేసిన సామాన్లలో అదొకటి. దొర దగ్గర వంట చేసిన మనిషి అమ్మజూపితే ధర్మయ్య తెచ్చుకున్నాడు. మామూలు సైకిళ్ల కంటే దాని గొట్టాలు సన్నం, ఉక్కు పలచన. ఒక చేత్తో ఎత్తి అరుగు మీద పెట్టుకోవచ్చు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కు నిటారుగా దిగకుండా, ఇరుసు దగ్గరికి వచ్చేసరికి కొంచెం ముందుకు వంగి ఉండేది. నేసిన చీరలు మూటగట్టి హైదరాబాదుకు తీసుకుపోయే ధర్మయ్యకు అది తేలిగ్గా నడుస్తుందన్నంత వరకే తెలుసు. ఆ వంపు ఎందుకుందో ఎన్నడూ ఆలోచించలేదు.

పోలీసు చర్య జరిగిన ఏడాదే, దానికి కొన్నాళ్ల ముందు, రజాకార్లు వస్తున్నారని ఒక మధ్యాహ్నం వీధిలో కేక పుట్టింది. మగ్గాలు ఎక్కడివక్కడ వదిలేసి జనం చేలల్లోకి పరుగెత్తారు. ధర్మయ్య భార్య వెంకటనర్సమ్మ దాక్కోవడానికి ఊరి బయట రాళ్లు తీసిన గుంతలోకి దూకింది. కింద బండ ఉన్న సంగతి చూసుకోలేదు. రజాకార్లు ఆ రోజు రానే లేదు, వేరే ఊరి మీదికి పోయారు. ఆమెను మాత్రం సాయంత్రం మంచం మీద మోసుకొచ్చారు.

చాలా రోజులు ఆమె వెల్లకిలా పడుకునే ఉంది. పసర్లు పూశారు, ఇటుక కాల్చి కాపడం పెట్టారు. సైన్యం వచ్చి రజాకార్ల గొడవ సద్దుమణిగేసరికి లేచి నిలబడగలిగింది కానీ, కూర్చుంటే నడుము నుంచి ఎడమకాలి మడమ దాకా సలుపు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఎముకలు కట్టే మనిషి వచ్చి నొక్కి చూసి, ఇది తన చేతిలో లేదని, భువనగిరి దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాడు.

పోవడమెట్లా అన్నదే పెద్ద చిక్కయింది. రజాకార్ల లారీలు రాకుండా కమ్యూనిస్టుల సంఘం వాళ్లు బాటకు అడ్డంగా కందకాలు తవ్వారు, వాగుల మీది మోరీలు పగలగొట్టారు. వాటిని ఎవరూ ఇంకా బాగుచెయ్యలేదు. బస్సులు లేవు. పక్కింటివాళ్ల ఎడ్లబండిలో గడ్డి నింపి, దాని మీద బొంత పరిచి ఆమెను పడుకోబెట్టారు. ఇనుప కమ్మీ వేసిన చక్రం ప్రతి రాయినీ తీసుకొచ్చి ఆమె వెన్నులో గుచ్చింది. రెండో కందకం దిగేటప్పుడు ఆమెకు స్పృహ తప్పింది. బండిని వెనక్కి మళ్లించారు.

ఇక మిగిలింది సైకిలే. వెనక క్యారియరు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుంటే నడుము మెలిపడి నొప్పి ఎక్కువైంది. సీటుకూ హ్యాండిలుకూ మధ్యనున్న కడ్డీ మీద బొంత మడిచి కట్టి, అక్కడ కూర్చోబెడితే తన ఛాతీకి ఆనించుకోవచ్చని ధర్మయ్యకు తోచింది. ఊరంతా చూస్తుండగా మొగుని ముందర కూర్చుని పోవడానికి వెంకటనర్సమ్మకు మనసొప్పలేదు. అత్త బిక్షమ్మ పక్కనే నిలబడి ఉంది.

"సిగ్గుపడితే నొప్పి పోతదా? కూసో బిడ్డా," అంది.

కూర్చుంది. ధర్మయ్య నడక కంటే కొంచెం వేగంగా, గులకరాళ్లు తప్పించుకుంటూ తొక్కాడు. కందకాల దగ్గర దింపి, చెయ్యి పట్టి దాటించి, మళ్లీ కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆపమంటుంది, ఇప్పుడు ఆపమంటుందని అతను చూస్తూనే ఉన్నాడు. ఆమె ఆపమనలేదు. గుంతలో పడ్డప్పుడు ముందు చక్రం కొంచెం ఊగినట్టవుతుందని, దెబ్బ నడుము దాకా రావడం లేదని దారిలో తనే చెప్పింది. దవాఖానలో డాక్టరు చూసి వెన్నెముక విరగలేదన్నాడు. పూసల దగ్గర వాపు ఉందని, తోలు పట్టీ కట్టుకోవాలని, ప్రతి వారం వచ్చి చూపించుకుని కొద్దికొద్దిగా బిగించుకోవాలని చెప్పాడు. వెంకటనర్సమ్మకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. వచ్చేటప్పుడు దారిలో ఆగి సీతాఫలాలు కొనుక్కున్నారు.

కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. ఆమె కాలి సలుపు మడమ నుంచి మోకాలి దాకా వెనక్కి తగ్గింది.

అప్పటికి ఊరి బయట పోలీసు క్యాంపు పడింది. సంఘం వాళ్ల కోసం ఇళ్లు వెతుకుతున్నారు. ఒక రోజు ధర్మయ్య హైదరాబాదు నుంచి వస్తుంటే క్యాంపు జమాదారు ఆపాడు. ఇంత పలచని సైకిలు సాలె వాడికెందుకన్నాడు. దొరల గడీలో దోచుకున్నదన్నా అయ్యుండాలి, సంఘానికి కబుర్లు మోసేదన్నా అయ్యుండాలని తేల్చి, మనిషినీ సైకిలునూ క్యాంపులో పెట్టాడు.

మర్నాడు వెంకటనర్సమ్మ అత్త భుజం పట్టుకుని క్యాంపుకు నడిచింది. దారిలో ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. అధికారికి తెలుగు రాదు, ఒక పోలీసు ఉర్దూలో చెబుతున్నాడు. ఆమె దండం పెట్టలేదు, వంగితే నొప్పి.

"నేను దవాఖానకు పొయ్యేది గా సైకిలు మీదనే సాబు. నన్ను నమ్మకుంటే నేను నడిచింది జూసిన్రు గదా," అంది.

అధికారి దవాఖాన చీటీ అడిగి చదివి, ధర్మయ్యను వదిలెయ్యమన్నాడు. సైకిలు కూడా ఇచ్చారు గానీ, ఈలోగా ఎవరో కుర్ర పోలీసు సరదాకు తొక్కి కందకంలో పడేశాడు. ఫోర్కు వెనక్కి వంగి, చక్రం ఫ్రేముకు ఒరుసుకుంటోంది. ధర్మయ్య ముందు చక్రం పైకెత్తి పట్టుకుని సైకిలును ఇంటికి తోసుకొచ్చాడు.

కమ్మరి వీరాచారి ధర్మయ్యకు చిన్ననాటి స్నేహితుడు. నాగళ్లు, బండి కమ్మీలు చేసే చెయ్యి అతనిది. సైకిలు పని అంతగా చేసినవాడు కాదు. ఫోర్కును కొలిమిలో కాల్చి, దిమ్మె మీద పెట్టి, వంకర అన్నది లేకుండా పైనుంచి కింది దాకా సాపు చేశాడు. పాత వంపు కూడా దెబ్బకు వచ్చిన వంకరేననుకున్నాడు. ధర్మయ్యకూ అనుమానం రాలేదు. కొలిమి నుంచి వచ్చిన ఫోర్కు చూడ్డానికి ముచ్చటగా ఉంది.

మరుసటి రోజే అతను మూటతో హైదరాబాదు పోయి వచ్చాడు. సైకిలు ఇదివరకటి కంటే బాగుందనిపించింది. వేగం అందుకుంటే హ్యాండిలు పట్టుకోనవసరం లేకుండా దారి పట్టుకుని పోతోంది. మలుపులో కాలివేళ్లు ముందు చక్రానికి తగిలాయి. అదొక్కటే కొత్త ఇబ్బంది.

వారం తిరిగి భువనగిరికి బయలుదేరినప్పుడు వెంకటనర్సమ్మ ఊరు దాటక ముందే పళ్లు బిగపట్టింది. మెల్లగా పోతుంటే హ్యాండిలు ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగిపోతోంది. ధర్మయ్య బలంగా లాగి నిలబెట్టేసరికి ఆమె నడుము మెలిపడుతోంది. రాయి మీదికి ఎక్కితే దెబ్బ కడ్డీలోంచి నేరుగా పైకి వస్తోంది. సగం దారిలో దింపమంది. మిగతా దారి నడిచింది. తిరుగు ప్రయాణంలో ఒక పల్లెలో తెలిసినవాళ్లింట్లో ఆ పూట పడుకుని మర్నాడు ఇల్లు చేరారు.

ధర్మయ్య జబ్బు తిరగబెట్టిందనుకున్నాడు. క్యాంపు దాకా నడిచినందుకే ఇట్లా అయిందని తల్లితో చెప్పుకుని బాధపడ్డాడు. ఎముకలు కట్టే మనిషిని పిలిపిస్తే అతనూ తల ఊపాడు. ఇక దవాఖానకు తిప్పడం మానేసి ఇంట్లోనే పడుకోబెట్టడం మంచిదని ఇద్దరూ అనుకుంటుంటే, వెంకటనర్సమ్మ లోపలి నుంచి పిలిచింది.

"నా నడుము పోయిన వారం ఎట్లున్నదో గట్లనే ఉన్నది. మారింది సైకిలు."

"సైకిలు మంచిగ పోతాంది. మూట ఏసుకొని పోయొచ్చిన గద."

"నువ్వొక్కనివైతే ఉరికిస్తవు. నేనుంటే మెల్లగ పోతవు. మెల్లగ పొయ్యేటప్పుడు అది ఎట్ల పోతాందో నీకెర్క లేదు, నాకెర్క."

ధర్మయ్య నమ్మలేదు. ఇనుము సంగతి ఆమెకేం తెలుసనుకున్నాడు. పైకి ఆ మాట అనకపోయినా ఆమెకు అర్థమైంది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అత్తను పంపి వీరాచారిని ఇంటికి పిలిపించింది.

"వీరన్నా, నేను జెప్తే మీకు ఎక్కుతలేదు. నువ్వొకసారి గా కడ్డి మీద కూసొని పగిలిన మోరీ దాక పోయిరా."

వీరాచారి నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఊరుకుని, బొంత సర్దుకుని కూర్చున్నాడు. భారీ మనిషి. ధర్మయ్య ఆపసోపాలు పడుతూ, భార్యతో పోయేటంత నెమ్మదిగా తొక్కాడు. వీధి చివర హ్యాండిలు పక్కకు పడిపోతే ఇద్దరూ గోడకు తగలబోయి ఆగారు. మోరీ దాకా పోయి వచ్చాక వీరాచారి దిగి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు.

"నిజమే చెల్లె," అన్నాడు. "నిటారు గుంజను కొడితే దెబ్బ పైదాక ఎక్కుతది. వంగిన కొమ్మయితే ఊగి మింగుతది. ఆ వంపు నేనే తీసేసిన."

సైకిలును అప్పుడే కొలిమికి తోలుకుపోయాడు. చేసిన తప్పు దిద్దాలన్న తొందరలో ఈసారి ఫోర్కును కావలసినదానికంటే ఎక్కువ వంచాడు. చక్రం బాగా ముందుకు పోయింది. కుదుపు తగ్గింది కానీ, హ్యాండిలు వేలు తగిలినా తిరిగిపోతోంది. తాడు తెంపుకున్న దూడలా ఎటు పోతుందో తెలియదు. ధర్మయ్య ఒక్కడే పరీక్షకు తీసుకుపోయి, చెరువు కట్ట దిగేటప్పుడు హ్యాండిలు గజగజ ఊగి, మోచేతులు చీరుకుపోయేలా పడ్డాడు. వెంకటనర్సమ్మ పసుపు నూరి పెట్టింది. అలిగిన తర్వాత అతనితో మాట్లాడిన మొదటి మాట, కళ్లు మూసుకుని తొక్కావా అని.

ఆ పడటంతో ధర్మయ్యకు ఒకటి తెలిసింది. చక్రం ఇరుసు వెనక్కి జరిగితే హ్యాండిలు బరువై మొండికేస్తుంది. ముందుకు జరిగితే తేలికై నిలకడ తప్పుతుంది. మధ్యలో ఎక్కడో ఉంది తమకు కావలసింది. ఈసారి వీరాచారి కాల్చింది తక్కువ. చింతమొద్దు మీద పెట్టి, సమ్మెట వాడకుండా చేతుల బలంతోనే కొద్దిగా వెనక్కి లాగాడు. బిగించి, వెంకటనర్సమ్మను కడ్డీ మీద కూర్చోబెట్టి, కొలిమి నుంచి వేపచెట్టు దాకా తిప్పేవారు. ఆమె ఇంకా కుదరలేదంటే మళ్లీ విప్పి, ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు సవరించేవాడు. మధ్యలో ఒకసారి వంపు బాగా తగ్గినప్పుడు ధర్మయ్య, చాలు, బాగానే పోతోందన్నాడు. అతనికి మూటతో ఉరికే సైకిలు కావాలి. అందుకు వంపు కొంచెం తక్కువైతేనే మంచిది. వెంకటనర్సమ్మ కాలు ఇంకా సలుపుతోందని చెప్పింది. ధర్మయ్య పానా వీరాచారి చేతికిచ్చాడు.

పొద్దు వాలే వేళకు ఒక తిప్పు తిరిగి వచ్చి, ఆమె దిగకుండా కడ్డీ మీదే కూర్చుని ఉంది.

"ఇట్లుంచు," అంది.

ఆ తర్వాత ధర్మయ్య ఒంటరిగా హైదరాబాదు పోయినప్పుడు మునుపటిలా చేతులు వదిలి తొక్కలేకపోయాడు. పల్లాల్లో హ్యాండిలును గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది, రాత్రికి మణికట్లు నొప్పి పెట్టేవి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మళ్లీ వారం వారం భువనగిరి ప్రయాణం మొదలైంది. వేసవి వచ్చేసరికి డాక్టరు పట్టీ ఒక పూట మాత్రమే కట్టుకుంటే చాలన్నాడు. మగ్గం గుంతలో మాత్రం ఇక ఎన్నటికీ కూర్చోవద్దన్నాడు. ఆ రోజు వస్తూ ఆమె ఏడ్చింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ మగ్గం మీద నేసిన మనిషి. ధర్మయ్య సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక, రంగులో ముంచే ముందు నూలుకు వేసే ముడులు ఆమె నిలబడి కట్టుకునేందుకు వీలుగా చట్రాన్ని గోడకు ఎత్తుగా బిగించాడు. వీధిలో అంత సన్నని ముడులు ఇంకెవరూ కట్టలేరని కొన్నాళ్లకు పేరు తెచ్చుకుంది.

క్యాంపు ఎత్తేసిన తర్వాతి సంవత్సరం, నాగలి కర్రు పనికి కొలిమికి వచ్చినవారెవరో చెప్పిన కబురు విని వీరాచారి ధర్మయ్య ఇంటికి వచ్చాడు. వేరే ఊళ్లో ఒక సైకిలు ఫోర్కు నడుస్తుండగా విరిగిందట. అతను ధర్మయ్య సైకిలును ఎండలో తలకిందులుగా పెట్టి, గొట్టాలు గుడ్డతో తుడిచి చూశాడు. వంపు మొదలయ్యే చోట వెంట్రుకంత బీట. ఇన్నిసార్లు నిప్పులో పెట్టిన ఉక్కు ఇంతకాలం ఆగడమే ఎక్కువన్నాడు. ఇక దీన్ని ఎవరూ ఎక్కొద్దని, ధర్మయ్య వద్దంటున్నా వినకుండా, ఫోర్కును ఊడదీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అప్పటికి మోరీలు కట్టారు. బస్సు నడుస్తోంది. ఆఖరిసారి చూపించుకోవడానికి భువనగిరికి బస్సులో పోయారు. కూర్చోవడానికి జాగా ఉన్నా వెంకటనర్సమ్మ కూర్చోలేదు. పైకడ్డీ పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, కుదుపు వచ్చినప్పుడల్లా ఆ మోకాళ్ల మీదే ఆపుకుంటూ నిలబడింది. దిగాక, నొప్పి ఉందా అని ధర్మయ్య అడిగాడు.

"ఉన్నది గని, ఓర్చుకునేటంతనే," అంది వెంకటనర్సమ్మ. ఇద్దరూ దవాఖాన వైపు నడిచారు.